పనికొచ్చే ఎండ

“కుర్చీ కూడా పట్టుకుపోయారే తల్లీ! ఇక ఆయన దిగరు,” అంది అత్తయ్య డాబా మెట్ల కింద నిలబడి.

నేను అప్పుడే ఇంటికి ఆనుకున్న మా పాలకేంద్రం కడిగి, నీళ్ల గొట్టం గోడకు తగిలించి వస్తున్నాను. కాళ్లకు రబ్బరు బూట్లు ఇంకా విప్పలేదు. గుమ్మం బయట సోలార్ బిగించేవాళ్ల వ్యాను ఆగి ఉంది. అందులోంచి కొత్త ప్యానెళ్లు ఒక్కొక్కటే దింపి గోడకు ఆనిస్తున్నారు. డాబా మీద మామయ్య తన పాత ప్యానెళ్ల మధ్య కుర్చీ వేసుకుని, ధర్నాకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

నిన్న భోజనాల దగ్గర, పాతవి తీయించి కొత్తవి పెట్టిస్తున్నామని చెప్పగానే ఆయన సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. తెల్లారేసరికి కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు సరికదా, పొద్దున టీ కూడా తాగకుండా పైకెక్కారు.

“మీరే ఒకసారి చెప్పి చూడొచ్చుగా అత్తయ్యా?”

“నేనా? నేను ఆ మెట్లెక్కి ఎన్నేళ్లయిందో! మోకాళ్లు ఒప్పుకోవు. అవి ఒప్పుకున్నా నేనొప్పుకోను. అక్కడ ఉన్నది నా సవతి.”

ఆ పాత ప్యానెళ్లను అత్తయ్య సవతి అనడం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ వింటున్నాను. మామయ్య ఉద్యోగం చేసినంత కాలం సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు అందరూ సామాను సర్దుకుని బయటికి నడిస్తే, ఈయన చివరగా చేసిన ప్యానెళ్లు కొన్ని ఇంటికి మోసుకొచ్చి డాబా మీద బిగించుకున్నారు. రోజూ లేవగానే వాటిని తడిగుడ్డతో తుడిచాకే తన మొహం కడుక్కుంటారు. అవి ఇచ్చే కరెంటుతో ఆయన గదిలో ఒక బల్బు వెలుగుతుంది. అదీ వాటికి దయ కలిగినప్పుడు.

మా ఆయన ఎక్కడున్నాడని అడగకండి. ఇంట్లో గొడవ మొదలైతే చాలు, పాల వ్యాను టైర్లలో గాలి తగ్గినట్టు అనిపిస్తుంది ఆయనకి.

“మేడమ్, ఇంకెంతసేపండీ?” అంటూ వచ్చాడు ఫిట్టరు. ప్రతి మాట చివరా గ్యారంటీ అని తగిలిస్తాడు కాబట్టి ఇంట్లో అతని పేరే గ్యారంటీ అయిపోయింది. “ఇప్పుడు మొదలుపెడితే సాయంత్రానికి బిగించేస్తాం, గ్యారంటీ. రేపు పొద్దున్నే మేం వేరే ఊరెళ్లాలి. అక్కడ ఆసుపత్రి పని. మళ్లీ ఇటు రావడమంటే వానలయ్యాకే.”

“వానలయ్యాకా!”

“అంతే మేడమ్. గ్యారంటీ.”

వానలయ్యేదాకా నా కేంద్రం ఉంటే కదా! ఈ ఎండల్లో మధ్యాహ్నం పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాడికే తెలీదు. జనరేటర్ ఉంది. డీజిల్ తాగుతుంది, తాగి పడుకుంటుంది. సాయంత్రం పాలు చల్లబడక పులిసిపోయి, కంపెనీ ట్యాంకర్ ఇప్పటికి రెండుసార్లు ఖాళీగా వెనక్కి వెళ్లింది. ఆ పాలన్నీ నా చేత్తో నేనే కాలవలో పారబోశాను. పోస్తూ ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి? ఇంకొక్కసారి అలా జరిగితే మాకు పాలు పోసేవాళ్లందరినీ వేరే కేంద్రానికి మార్చేస్తామని కంపెనీ తేల్చి చెప్పింది. అంటే ఇవాళ కొత్త ప్యానెళ్లన్నా డాబా ఎక్కాలి, నా షట్టరన్నా కిందికి దిగాలి.

టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కాను.

మామయ్య నన్ను చూడలేదు. చూశారు గాని చూడనట్టు ఉన్నారు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టాను.

“టీ తెచ్చాను మామయ్యా.”

కింద ప్యానెల్ అంచు గోడకు తగిలిన చప్పుడైంది. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఎవరి ప్యానెల్ అయినా గీత పడితే ఓర్చుకోలేని మనిషి.

“జాగ్రత్తగా దింపమని చెప్పు,” అన్నారు.

“మీరే దిగొచ్చి చెప్పండి.”

“నేను దిగను.”

పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు మీద తాపీ పని చేసేవాళ్లు ఎవరినో ఏడిపిస్తూ నవ్వుకుంటున్నారు. ఎండ ఇంకా మాడ్చడం మొదలుపెట్టలేదు.

“నన్ను ఒక్క మాట అడిగావా అమ్మాయ్?”

“నిన్న చెప్పాను కదా మామయ్యా.”

“చెప్పావు. అడగలేదు.”

నిజమే, చెప్పాను. అడిగితే కాదంటారని తెలిసే, అడగకుండా చెప్పాను.

“అడిగితే ఒప్పుకునేవారా?”

“లేదు.”

“మరింకెందుకు అడగడం?”

“కాదనడానికి నాకో అవకాశం ఉండేది.”

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నాకూ పొద్దున్నుంచీ ఒళ్లు మండుతోంది.

“మామయ్యా, ఇవి వెలిగించేది ఒక్క బల్బు.”

“పనిచేస్తున్నాయా, లేదా?”

“పనిచేస్తున్నాయి. పనిచేస్తే సరిపోతుందా? పనికిరావద్దూ?”

నోరు జారింది. ఆ మాట నాది కాదు, అత్తయ్యది. పెళ్లయిన కొత్తలో మామయ్య ఫ్యాక్టరీ నుంచి ఒక చిన్న దీపం తెచ్చి, గది మధ్యలో వెలిగించి, “పనిచేస్తోంది చూడు!” అన్నారట. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బాగానే పనిచేస్తోందండీ. దేనికి పనికొస్తుంది?” అన్నదట. ఆ రెండు మాటల మీద ఈ ఇంట్లో జరిగినన్ని యుద్ధాలు ఇంక దేని మీదా జరగలేదు.

మామయ్య అప్పుడు తల తిప్పి నా వైపు చూశారు.

“మీ అత్తయ్య నేర్పిందా?”

“ఒకరు నేర్పాలా? రోజూ వింటున్నదేగా.”

“సరే. కింద దింపుతున్నారే, ఆ కొత్తవి. వాటిల్లో ఉన్నదీ, మావాటిల్లో లేనిదీ ఏమిటో చెప్పు.”

“నాకేం తెలుసు?”

“ఏమీ లేదు. అదే ఇసుకలోంచి తీసిన సిలికాన్. అదే గాజు. అదే వెండి గీత. నేను ఉద్యోగంలో చేరకముందే అది పనిచేసింది. ఉపగ్రహాలకు రెక్కల్లా కట్టి పైకి పంపారు. అక్కడ ధర ఎవడడుగుతాడు? కిరోసిన్ దీపం పట్టుకుని పైకెళ్లేవాడు లేడు కదా. నేల మీదకొస్తే అడుగుతారు. నేల మీద కిరోసిన్ చవగ్గా దొరుకుతుంది.”

“మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది మామయ్యా?”

గొడవకు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరూ ఆయన్ని ఆ మాట అడిగినట్టు లేదు. ఆయన టీ గ్లాసు అందుకున్నారు.

“ఖరీదని ఎవరూ కొనలేదు. ఎవరూ కొనడం లేదని కొంచెమే చేశాం. కొంచెమే చేస్తే ఖరీదు ఎలా తగ్గుతుంది? గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాం. సిలికాన్ మా కోసమని ఎవరూ తయారు చేసేవారు కాదు. కంప్యూటర్లకు చేసేవాళ్లు నాసిరకమని పక్కన పడేసింది బతిమాలి తెచ్చుకునేవాళ్లం. ఒకసారి బాగుండేది, ఒకసారి బాగుండేది కాదు. ఆ దిమ్మను పలచగా కోయబోతే సగానికి సగం రంపం కింద పొడైపోయేది.”

“సర్కారు వాళ్లు కొనలేదా?”

“ఎందుకు కొనలేదు? పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా కార్లేసుకుని వచ్చేవారు. మాతో చేతులు కలిపి, ఫొటోలు దిగి, ఆర్డర్లిచ్చేవారు. ధర దిగిందంటే మా ఫోనెత్తే దిక్కుండేది కాదు. ఆర్డర్లు ఆగితే మనుషుల్ని ఇళ్లకు పంపేసేవాళ్లం. చెయ్యి తిరిగినవాళ్లు అమ్మాయ్! కళ్లు మూసుకుని తీగ అతికించేవాళ్లు. వాళ్లు వెళ్లి తాళాల కంపెనీలో చేరారు, ఫ్యాన్ల కంపెనీలో చేరారు. మళ్లీ ఆర్డరొస్తే కొత్తవాళ్లతో మళ్లీ అఆల దగ్గర్నుంచి మొదలు.”

ఆయన లేచి, పక్కనున్న ప్యానెల్ మీద వేలితో తట్టారు. గాజు కింద టీ ఒలికి ఎండిపోయినట్టు పసుపు పచ్చగా ఉంది.

“ఇది చూశావా? గాజుకీ సెల్లుకీ మధ్య పోసిన జిగురు. మేం పెట్టని పరీక్ష లేదు. వేడిలో పెట్టాం, నీళ్లలో పెట్టాం. కానీ ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ఏమవుతుందో తెలియాలంటే ఏళ్లు గడవాలి కదా. ఎండ కోసం చేసింది ఎండకే రంగు మారిపోయింది.” నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. “మారుమూల బడులకీ ఆసుపత్రులకీ పెట్టాం. ప్యానెళ్లు నిక్షేపంలా ఉండేవి. కింద బ్యాటరీ చచ్చేది. దాన్ని చూసుకునే నాథుడు లేడు. జనం ఏమన్నారో తెలుసా? సోలార్ చెడిపోయిందన్నారు. చెడింది బ్యాటరీ, పోయింది మా పేరు.”

“మరి ఇప్పుడెలా కుదిరింది? ఎవరో ఏదో గొప్పగా కనిపెట్టి ఉంటారు.”

ఆయన గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పారు. తప్పు మాట అన్నానేమోనని భయం వేసింది.

“అదేనమ్మా బాధ,” అన్నారు చివరికి. “అంత గొప్పగా ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. ఎక్కడో ఒక దేశంవాళ్లు, మీ ఇంటి మీద కరెంటు చేయండి, మంచి ధరకి మేం కొంటామని జనానికి మాటిచ్చారు. ఏడాదికేడాది ఆ మాట మీద నిలబడ్డారు. దాంతో పెద్ద ఫ్యాక్టరీలొచ్చాయి. ఇంకోచోట ఇంకా పెద్దవి పెట్టారు. చేసేకొద్దీ చెయ్యి తిరిగింది. పలచగా కోయడం వచ్చింది, వెండి తగ్గించడం వచ్చింది, ధర పడింది. పడిందని ఇంకా కొన్నారు. గానుగెద్దే అమ్మాయ్, కాకపోతే ఈసారి ఇంకో వైపు తిరిగింది. తప్పు చేసి ఓడిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మేం చేసిందే వాళ్లూ చేశారు. ఎక్కువ చేశారు. అంతే. అప్పటికి మా గేటుకు తాళం పడిపోయింది.”

నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. కానీ నేను జాలిపడితే పాలు చల్లబడవు కదా.

“ఇంతకీ సాయంత్రం పాల మాటేమిటి?” అన్నారు ఆయనే. “నీ దగ్గరికి పాలొచ్చేది పొద్దు వాలాక. బ్యాటరీలు ఎన్ని పెట్టిస్తున్నావు?”

“ఒక్కటీ లేదు.”

“ఒక్కటీ లేదా!” ఆయన చేతిలో గ్లాసు తొణికింది. “మేం మునిగిందే అక్కడ! అంత చెబితే నీ తలకెక్కలేదా?”

“మంచు గడ్డ కట్టిస్తాను మామయ్యా.”

“ఏమిటీ?”

“ట్యాంకు నిండా నీళ్లు. అందులో చల్లటి గొట్టాలు చుట్టలు చుట్టి ఉంటాయి. పొద్దుటి పాలు చల్లబరచడం అయ్యాక, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఎండ ఉన్నంతసేపూ మిషన్ తిరిగి, ఆ గొట్టాల చుట్టూ మంచు కడుతుంది. సాయంత్రం పాలొస్తే ఆ మంచే చల్లబరుస్తుంది. అప్పుడిక కరెంటు ఉంటే ఎంత, పోతే ఎంత?”

ఆయన నోట్లో నోట్లో ఏదో లెక్క కట్టుకున్నారు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

“అంటే నువ్వు దాచేది కరెంటు కాదు, చల్లదనం. ఎవరి ఆలోచన ఇది?”

“నాది మాత్రం కాదు. కరెంటు సరిగా లేనిచోట పాలకేంద్రాలన్నీ ఎప్పట్నుంచో చేస్తున్నదే.”

“ఎప్పట్నుంచో!” మామయ్య నుదురు కొట్టుకున్నారు. “కరెంటు ఎలా దాచాలా అని అంతమందిమీ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం గాని, అవతలివాడికి అది దేనికి కావాలో అడగలేదు. మాలో పాలమనిషి ఒక్కరు లేరు అమ్మాయ్, అందరం ఇంజనీర్లమే!”

ఈసారి నవ్వు వచ్చింది. నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే, గాలివాటం చూసుకుని, మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. వెనకాలే గ్యారంటీ.

“నాన్నా, ఒక పని చేద్దాం. నీవి నీకుండనీ, వాటిని కదపొద్దు. అదిగో, ఆ పక్కింటి వైపు ఖాళీగా ఉందిగా. కొత్తవి అక్కడ పెట్టించేద్దాం.”

గ్యారంటీ అటు నడిచి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. “బ్రహ్మాండంగా పెట్టొచ్చు సార్. మొన్న పొద్దున్నే వచ్చి డాబా అంతా కొలుచుకున్నాను కదా. కళ్లు చెదిరే ఎండ. గ్యారంటీ.”

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఈ ముక్క నిన్ననే తట్టి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. టైర్ల గాలి చూసుకునే మనిషి ఇంత తెలివిగా మాట్లాడగలడని నేననుకోలేదు.

“మామయ్యా, మీకు సరేనా?”

ఆయన పక్కింటి గోడ వైపు చూశారు. తన ప్యానెళ్ల వైపు చూశారు.

“ఊఁ,” అన్నారు.

ఆ ఊఁ ఎలాంటిదో నేను పట్టించుకోలేదు. సరే అన్నారనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావాలి.

గ్యారంటీ మనుషులు ఇనుప చట్రాలు పైకి చేర్చారు. సుద్దతో గీతలు గీశారు. ఇంకొకడు తీగలు విప్పుతూ, కింద ట్యాంకు దాకా ఎన్ని చుట్లు పడుతుందో అంచనా వేస్తున్నాడు. నేను అత్తయ్యకు వినబడేలా పిట్టగోడ మీంచి కేకేశాను.

“ఒప్పుకున్నారు అత్తయ్యా! పాతవి అలాగే ఉంటాయి.”

“ఒప్పుకున్నారా? ఎలా?”

“పక్కింటి వైపు పెడుతున్నాం.”

“దానికి ఆయనేమన్నారు?”

“ఊఁ అన్నారు.”

“అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదే ఆయన,” అంది అత్తయ్య. గొంతులో సంతోషం లేదు.

మామయ్య కుర్చీలో కూర్చోలేదు. గుడ్డ తీసి ప్యానెళ్లు తుడవడం మొదలుపెట్టారు. పొద్దున తుడిచినవే. తుడిచిందే తుడుస్తున్నారు. మధ్యమధ్యలో పక్కింటి గోడ వైపు తలెత్తి చూస్తున్నారు. మా ఆయన, “నాన్నా, ఎండలో ఎందుకు, కిందికి పద,” అంటే వినిపించుకోలేదు.

గ్యారంటీ మొదటి రంధ్రానికి డ్రిల్లు పెట్టాడు. సిమెంటు పొడి లేచింది.

“ఆపు,” అన్నారు మామయ్య.

డ్రిల్లు మోతలో అతనికి వినపడలేదు. మామయ్య గుడ్డ పడేసి, వెళ్లి అతని భుజం పట్టుకున్నారు.

“ఇక్కడ వద్దు.”

“ఏమైంది సార్?”

“నువ్వు కొలుచుకున్నది పొద్దున. మధ్యాహ్నం వచ్చి చూశావా?”

“చూడ్డానికేముంది సార్? ఎండ ఎండేగా.”

“పక్కింటివాళ్లు మొన్న లేపిన ఆ అంతస్తు కనబడుతోందా? భోజనాల వేళ దాటిందంటే దాని నీడ ఇటు దిగుతుంది. రోజూ చూస్తున్నాను. నీ ప్యానెళ్లు ఒకదాని వెనక ఒకటి కలిపినవి. చివరి ఒకటి రెంటి మీద నీడ పడితే చాలు, వరసంతా నీరసపడిపోతుంది.”

గ్యారంటీ గోడ వైపు చూసి తల గోక్కున్నాడు. “అయినా ఎంతో కొంత కరెంటు వస్తుంది కదా సార్.”

“ఎందుకు రాదు? మీటరు తిరుగుతుంది. నువ్వు దాని ఫొటో తీసుకుని వెళ్లిపోతావు. మా అమ్మాయికి మంచు గడ్డ కట్టాల్సింది మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా. నీడ పడేదీ అప్పుడే. మంచు కట్టదు, పాలు పులుస్తాయి, కేంద్రం పోతుంది. అందరూ కలిసి సోలార్ చెడిపోయిందంటారు.” ఆయన ఆగి ఊపిరి తీసుకున్నారు. “ఇక్కడ పెడితే పనిచేస్తుంది. పనికిరాదు.”

ఆ రెండో మాట ఆయన నోట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. మా ఆయన నోరు తెరుచుకుని తండ్రిని చూస్తున్నాడు.

“మరి ఎక్కడ పెట్టమంటారు సార్?” అన్నాడు గ్యారంటీ.

జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. పాపం, అతనికీ తెలుసు.

“ఈ డాబా మీద రోజంతా నీడ పడని చోటు ఒక్కటే ఉంది. వెతికి ఏరుకున్నదే నేను.” మామయ్య చెయ్యి చాచారు. “పానా ఇలా ఇవ్వు. వీటిని బిగించింది నేను. విప్పేదీ నేనే.”

ఆయనే పానా అందుకుని, తన ప్యానెళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. మొదటి బోల్టు తుప్పుపట్టి ఉంది. రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంటే ఆయన మెడ నరాలు ఉబ్బాయి. మా ఆయన సాయానికి వెళ్లబోతే మోచేత్తో నెట్టేశారు. నా కేంద్రం నిలబడినందుకు నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ ఏడుపొస్తోంది. ఊఁ అని ఊరుకుని ఉంటే ఆయనవి ఆయనకు ఉండేవి కదా.

“ఆగండి!”

మెట్ల తల దగ్గర అత్తయ్య. గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. చెప్పులు కూడా వేసుకోలేదు.

“అత్తయ్యా! మీరెలా ఎక్కారు? మోకాళ్లు...”

“నా మోకాళ్ల సంగతి తర్వాత చూద్దువుగాని.” మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మామయ్యకూ ప్యానెళ్లకూ మధ్య నిలబడింది. చట్రం మీద చెయ్యి వేసి, వేడికి చురుక్కుమన్నా తీయలేదు. “పానా కింద పెట్టండి.”

మామయ్య బిత్తరపోయారు. “ఇదేమిటి? పీకి పారేయమని రోజూ ప్రాణం తీసింది నువ్వేగా!”

“తీశాను. రేపూ తీస్తాను.”

“మరి?”

“పనికిరావని నేనంటాను. పనికొస్తాయని మీరంటారు. మన కాపురం అలా నడిచింది.” అత్తయ్య కొంగు నడుముకు దోపుకుంది. “మీ ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగినప్పుడల్లా కుట్టుమిషన్ ముందు కూర్చుంది నేను. వీడి చొక్కాలు నా పాత బట్టలు చింపి కుట్టాను. మీ ఆయన ఎండ అమ్ముతాడటగా అని చుట్టాలు ఇకిలిస్తే, వాళ్లను దులిపేసి వచ్చాను. ఇంటికొచ్చి మిమ్మల్నీ దులిపాను. ఎన్నిసార్లు దులిపినా మీరు ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదు కాబట్టే నేను భరించాను. పోనీలే, ఈ మనిషికి అంత నమ్మకముంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నాను. ఇవాళ పరాయివాళ్ల ముందు పనికిరాదని మీ నోటితో మీరే అనేసి, పానా పట్టుకు కూర్చుంటే, నేనిన్నాళ్లూ దేనికోసం కుట్టినట్టు?”

“నేనన్నది ఆ కొత్తవాటి సంగతి...”

“వాటి సంగతైతే, వీటి ముందెందుకు కూర్చున్నారు?”

గ్యారంటీ తన మనుషులిద్దరికీ సైగ చేసి, మర్యాదగా దూరం తీసుకెళ్లి నిలబెట్టాడు. నేనే ధైర్యం చేశాను.

“అత్తయ్యా, వీళ్లు సాయంత్రం వెళ్లిపోతారు. ఆ తర్వాత...”

“నీ కేంద్రం నిలబడాలి. నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు కాలవ దగ్గర నువ్వు ఏడ్చింది కిటికీలోంచి చూశాను. ఇవి ఇక్కడ్నుంచి వెళ్లాల్సిందే. కానీ ముందు ఆయన నాకొక మాట చెప్పాలి.”

“ఏం చెప్పమంటావ్?” అన్నారు మామయ్య.

“ఇవి దేనికి పనికొచ్చాయో చెప్పండి. చెప్పి, తీసుకుపోండి.”

ఆయనకు అబద్ధం చేతకాదు. చేతనైతే ఇందాక పక్కింటి గోడ చూసి కూడా నోరు మూసుకుని ఉండేవారు. అత్తయ్యకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసే అడుగుతోంది.

మామయ్య ఆ పసుపు గాజుల వైపు చూశారు. తర్వాత, ఎర్రగా కందిన ఆవిడ అరచెయ్యి చూశారు.

“నిజం చెప్పనా, నీకు నచ్చేది చెప్పనా?”

“రెండూ ఒకటే అయ్యేలా చెప్పండి,” అంది అత్తయ్య. “తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పండి.”

తొందర లేకపోవడమేమిటి? ఎండ నడినెత్తికి వస్తోంది, గ్యారంటీ డ్రిల్లు పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. మామయ్య పానా నేల మీద పెట్టి, అత్తయ్య కాళ్ల దగ్గరే చతికిలబడి, నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టారు.